తోటలోని శిల్పమునకు తీర్పరు లెవ్వరు?

గడచిన మాఘమున గోదావరీ మండలమునం దొక విశాలమైన తోటలో శిల్పప్రదర్శనమును, దానితోపాటు పోటీయు జరిగినవి. పాఠశాలకు రెండు దినములు సెలవు దొరకుటచే మేమును చూడబోయితిమి. చిత్రప్రదర్శనములు పట్టణములలో నడుమనడుమ జరుగుచునే యున్నవి. పుష్పప్రదర్శనములకు మన నాట కొదువ లేదు. కాని చెట్ల నడుమ, పచ్చికపై, ఆకాశము క్రింద శిల్పములను నిలిపి, పలు జిల్లాల పనివారిని పిలిచి బహుమతు లిచ్చుట మా ప్రాంతమునకు క్రొత్త. ఇట్టి పనికి పూనుకొన్నవారిని మొదట మనసార నభినందింపవలసి యున్నది. అభినందనమును ముందుగనే చెల్లించితిమి గావున, ఇకమీద చెప్పబోవు మాటలు కొంత కఠినముగా నున్నను నిర్వాహకులు సహింతురు గాక.

ద్వారము దాటగానే కంటబడునది ప్రథమబహుమతి నందిన నర్తకీవిగ్రహము. మనుష్యప్రమాణమునకు ఒకటిన్నర రెట్లున్న యా మూర్తి ఫైబరుతో పోతపోయబడి, కంచువలె కనబడుటకై రంగు పూయబడి, నున్నని పలకలు తాపిన యెత్తైన దిమ్మెపై నిలుపబడినది. పాదముల చెంత విద్యుద్దీపములు. జనులు గుంపులు గుంపులుగా దానిముందు నిలిచి ఫోటోలు తీసికొనుచుండిరి. మేమును కొంతసేపు నోరు తెఱచుకొని చూచితిమి, దాచనేల? వ్రేళ్ల విఱుపు, నడుము వంపు, అందెల గజ్జెలు — పనితనమున వంక పెట్టుటకు లేదు. తోట చుట్టివచ్చుచు మఱియొక త్రోవను దాని వెనుకకు వచ్చినప్పుడు మాత్రము మా యుత్సాహము చల్లారినది. వీపున రెండు ముక్కలు కలిసిన యతుకు, చీలల తలలు, గాలికి పడకుండ బిగించిన తీగ కనబడినవి. గోడ కానించి నిలుపు విగ్రహమునకు వీపు లేకున్నను చెల్లును. తోటలో గోడ లేదు. చూచువాడు ఏ దిక్కునుండి యైనను వచ్చును. పైగా కంచు కానిదానికి కంచురంగు పూయుట మాకు పొసగలేదు. ఫైబరు తేలిక, చవుక, ఏ రూపమునకైనను లొంగును. ఆ గుణములను దాచక చూపు శిల్పము చేసినచో మేమే ముందుగా మెచ్చుకొందుము. ఇక్కడ నది తానుకాని వేషము వేసికొని నిలిచినది.

తీర్పరులు ముగ్గురు. చదువుకొన్నవారు, సద్భావము గలవారు. ఉదయము పదిగంటలకు వచ్చి పండ్రెండింటికి తీర్పు ముగించిరట. వారి చేతిలో నుండిన పట్టిక నొక కార్యకర్త మాకు చూపెను. ఇతివృత్తమునకు 25, నైపుణ్యమునకు 25, నవ్యతకు 25, ‘పూర్తి’ యనబడు మెఱుగునకు 25. మేమును ఇరువదేండ్లకు పైగా మార్కులు వేయుచున్నవారమే; పట్టిక ముందుంచుకొన్నచో కన్ను దానిలోని గడులను మాత్రమే చూచు ననుట స్వానుభవమున నెఱుగుదుము. శిల్పము నిలిచిన తావునకు ఆ పట్టికలో నొక్క మార్కును లేదు. ఇదే ప్రదర్శనమును ఒక కల్యాణమండపమున జరిపియుండినను ఈ పట్టికయే సరిపోవును, ఈ బహుమతులే వచ్చును. మఱి తోట యెందుకు?

ఒక దేశనాయకుని నిలువెత్తు విగ్రహమునకు ప్రత్యేకబహుమతి యిచ్చిరి. ఈయకుండుటకు తీర్పరులకు గుండె చాలినది కాదనుకొందుము. దానినిగూర్చి తరువాత నొకమాట చెప్పెదము. సైకిలు గొలుసులు, పళ్లచక్రములు, మరమేకులు అతికి చేసిన నెమలి యొకటి మమ్మెంతయో యాకర్షించినది. ఇనుపతుక్కుతో విగ్రహములు చేయుట తెనాలివంటి చోట్ల నిప్పటికే వృత్తిగా నెలకొన్నది. ఈ నెమలి మెడలోని వంపు గొలుసుకే సాధ్యము. రాతికిని కఱ్ఱకును సాధ్యము గాదు. త్రుప్పు పట్టిన యా యెఱుపు ఎఱ్ఱమట్టి బాటమీద నెంత శోభించియుండెడిదో! తెచ్చి గులాబీమళ్ల నడుమ పెట్టిరి. వందరంగుల పూవులలో పాప మది తుక్కుగనే కనబడినది. ఒక కుమ్మరి యింటి యువతి బోర్లించియు వెల్లకిలయు పేర్చిన కుండల గుంపునకు ఏ బహుమతియు రాలేదు. పైకుండలో నిలిచిన నీటికి పిచ్చుకలు మాత్రము వచ్చినవి.

తోట యుత్తరపుకొసను, మొక్కలకు నీరు పట్టు సిమెంటు తొట్టి ప్రక్కన, ఒక నల్లరాతి గేదె పడుకొని యున్నది. మొదటిసారి ఆ త్రోవను పోవునపుడు మేము దానిని గమనింపనే లేదు. ఏదో బండ యనుకొంటిమి. అందు పని తక్కువ. మూపునుండి తుంటివఱకు రాయి తన సహజమైన వంపుతోనే యున్నది. శిల్పి తలను, కొమ్ములను, మడిచిన ముంగాళ్లను మాత్రము తీర్చి, తక్కిన మేన నులిదెబ్బల నట్లే విడిచినాడు. ఆ గరుకుదనమే గేదె తోలైనది. కన్నులు సగము మూసియున్నవి. నెమరువేయు గేదె మొగమునందలి నిశ్చింతను పల్లెలో పెరిగినవాడు తప్ప అన్యు డంతగా పట్టుకొనజాలడు. తొట్టినుండి చిందిన నీరు దాని డొక్కను తడిపినది. తడిసినచోట నిగనిగలాడు నలుపు, ఆరినచోట బూడిదరంగు. ఒక చిన్నపిల్ల దాని వీపుమీది కెక్కి కూర్చుండెను. కార్యకర్త యొకడు పరుగున వచ్చి ముట్టుకోరాదని గద్దించెను. దూరమున వేపచెట్టు క్రింద కూర్చున్న ముసలిశిల్పి, “కూర్చోనీయండి బాబూ, గేదే గదా,” అనెను.

ఆయన పల్నాటివాడు, అరువదేండ్లు దాటినవాడు. ద్వారమునకు కానరాని యింత మూల నేల నిలిపితిరని మేమడిగితిమి. “గేటు కాడ దిమ్మె ఇస్తామన్నారు పంతులుగారూ. నేనే వద్దన్నాను. దిమ్మె మీద పడుకున్న గేదెను మీరెక్కడన్నా చూశారా? నీళ్లున్న చోటెక్కడని తోటంతా తిరిగితే ఈ తొట్టి కనబడింది,” అనెను. ఆయన తోట నంతయు కలయదిరిగి తావు నెన్నుకొనినాడు. తీర్పరులు రెండు గంటలలో నట్లు తిరిగిరో లేదో మేమెఱుగము.

ఈ గేదెను ‘శిల్పము’ అను తరగతిలో చేర్చలేదు. ‘చేతిపనులు’ అను తరగతిలో చేర్చిరి. కారణము విచారింపగా తెలిసిన దేమన, దరఖాస్తు పత్రము ఇంగ్లీషున నున్నది. అందు చదివిన కళాశాల పేరు వ్రాయుటకొక గడి. ముసలివాని కుమారుడు ఆ పత్రమును పూరించి, ఆ గడిని ఖాళీగా విడిచినాడు. గడి ఖాళీగా నున్నవారందఱును చేతిపనివారైరి. ఆ తరగతిలో ప్రథమబహుమతి యను మాటయే లేదు. ప్రోత్సాహకముగా నొక ప్రశంసాపత్రము మాత్రము గలదు. అందు ఆయన యింటిపేరు తప్పుగా వ్రాసిరి. ఉలి పట్టి నలువదేండ్లైన వానికి ‘ప్రోత్సాహము’! మన దేశమున గుడులు గోపురములు నిలిపినవారు ఏ కళాశాలలో చదివిరని అడుగవలసియున్నది.

ఈ మాట యావేశముతో చెప్పినది కాదు. మన శిల్పమునకును చెట్టునకును గల చుట్టరికమే వేఱు. కొమ్మ పట్టి నిలుచు స్త్రీమూర్తిని సాలభంజిక యందుము. ఈ శబ్దము తొలుత శిల్పమునకు పేరు కాదు. ఒక యాటకు పేరు. వనమునకు పోయి సాలవృక్షపు పూగొమ్మలు విఱుచు ప్రాగ్దేశీయుల క్రీడకు పేరుగా దీనిని వ్యాకరణవ్యాఖ్యాత లుదాహరించియున్నారు. ఆటపేరు ఆడు స్త్రీమూర్తికి వచ్చినది. పిదప సామాన్యముగా బొమ్మకే పేరైనది. తోటలో పుట్టిన రూప మిది. అది గుడిలో ప్రవేశించినప్పుడును మన పూర్వులు ఎండవానలను మఱవలేదు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్పగుడిని చూచినవా రెఱుగుదురు: గోడలకు ఎఱుపు చాయగల యిసుకరాయి, చూరుక్రింది మదనికలకు నున్నగా మెఱయు నల్లని కఠినశిల. ఆ మదనికలు స్తంభమునకును చూరునకును నడుమ ఏటవాలుగా నిలిచియున్నవి. వాన చూరుమీదుగా జారి వారి కవతల పడును. వెలుతురు మాత్రము లోనికి వచ్చును. ఏ రాయి ఎక్కడ, ఏ మూర్తి ఎంత వాలుగా, ఎంత నీడలో — ఇదంతయు ముందే ఆలోచించిన పని. 2021లో ఈ గుడి ప్రపంచవారసత్వపు పట్టికలో చేరినప్పుడు మన మందఱము సంతోషించితిమి. గుడికి శిల్పి పేరే నిలిచినదని లోకము చెప్పుకొనును. అది నిజమైనను కాకున్నను, అట్లు చెప్పుకొనుటలో జనుల న్యాయబుద్ధి కనబడుచున్నది.

బయట నిలిచిన మూర్తిని కాలము విడిచిపెట్టదు. కాళిదాసు రఘువంశమున పదునాఱవ సర్గలో, పాడుపడిన యయోధ్యయందు స్తంభములమీది స్త్రీమూర్తులకు రంగులు వెలిసిపోగా పాములు విడిచిన కుబుసములే పైటలైనవని వర్ణించినాడు. తరగతిలో నీ ఘట్టమును చెప్పునపుడు మేము కరుణరసమును చూపి ముందుకు సాగుచుంటిమి. గేదెను చూచి వచ్చిన తరువాత మఱియొక సంగతి తోచినది. ఎంత దుర్దశలోనైనను ఆ మూర్తులు ఇంకను మూర్తులుగనే యున్నవి. రంగు పోయినను రూపము పోలేదు. కంచురంగు పూసిన మన నర్తకికి రంగు పోయిన నాడు మిగులు నదేమి?

తావును లెక్కింపనిచో నేమగునో మన బందరు చరిత్రలోనే యొక దృష్టాంతము గలదు. 19వ శతాబ్ది ప్రథమార్ధమున బందరు కలెక్టరు రాబర్ట్‌సన్ తన పేర వెలసిన క్రొత్తపేటకు అలంకారముగా అమరావతీస్తూపపు శిలాఫలకములను తెప్పించి నిలిపెను. మఱికొన్ని ఫలకములు ఆ యూరనే యొక యాంగ్లోద్యోగి తోటకు చేరినవి. తెలుగునాట ఉద్యానశిల్పప్రదర్శనమునకు వీరే మూలపురుషులని పరిహాసముగా ననవచ్చును. ప్రదక్షిణము చేయువాని కన్నులముందు ఒకదాని వెంట నొకటిగా కథ చెప్పుటకు చెక్కిన ఫలకములవి. అడుగు కదలుటతోనే వాని యర్థము తెలియును. వరుస చెదిరి, స్తూపము పోయి, సంతలోను తోటలోను నిలిచినప్పు డవి అందమైన రాళ్లు మాత్రమే. ఆ దొరలను మఱీ నిందింపరాదు. అమరావతిలో నుండిపోయిన ఫలకములు కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిలలు మద్రాసునకును, అందనేకములు 1859లో లండనునకును పోయినవి. నే డవి బ్రిటిషు మ్యూజియమున నున్నవి. చాలభాగము ఎగ్మూరు మ్యూజియమున గలదు. అమరావతిలో మట్టిదిబ్బ మిగిలినది. శిల్పమును దాని తావునుండి వేఱుచేయుట ఎంతపనియో ఇంతకంటె స్పష్టముగా చెప్పు కథను మేమెఱుగము.

ఇక దొరల దేశముననే ఈ ప్రదర్శనములను వేఱొక తీరున జరిపిన కథయు గలదు. యుద్ధము ముగిసి మూడేండ్లైనను బాంబులకు కూలిన యిండ్లు ఇంకను లేవని లండనులో, 1948వ సంవత్సరమున, థేమ్సునది దక్షిణపుటొడ్డున గల బాటర్సీ పార్కులో, నగరపాలక సంస్థయైన లండన్ కౌంటీ కౌన్సిలు బహిరంగశిల్పప్రదర్శనమును నడిపినది. లక్షన్నరకు పైగా జనులు వచ్చి చూచిరి. తిండికిని బట్టకును ఇంకను రేషను నడచుచున్న కాలమది. అందు ఎన్నిక యున్నది గాని, ఒకటి రెండు మూడని బహుమతుల గొడవ లేదు. రోడాఁ మొదలుకొని నాటి యువశిల్పుల వఱకు పలువురి పనులను చెరువుగట్టుల చెంతను పచ్చికమీదను నిలిపిరి. హెన్రీ మూరు చెక్కిన ‘నిలిచిన మూడు మూర్తులు’ అను శిల్పము ఆ ప్రదర్శనముననే మొదట ప్రజల కంటబడినది. డార్లీడేలు ఇసుకరాతిలో చెక్కిన ముగ్గురు స్త్రీలు, దళమైన వస్త్రముల మడతలతో, దూరమున దేనికో యెదురుచూచుచున్నట్లు నిలిచియుందురు. యుద్ధకాలమున సురంగములలో తలదాచుకొన్న జనుల చిత్రములను వ్రాసిన చేయియే వీరిని చెక్కినది. ప్రదర్శనము ముగిసినను వారు కదలలేదు. నేటికిని ఆ పార్కుననే యున్నారు. ప్రదర్శనమునకు ఫల మేమనగా నిట్టిదే కదా! కొన్నేండ్ల కొకమారు ఇట్టి ప్రదర్శనములను ఆ కౌన్సిలు పెక్కుసారులు జరిపినది. 1949లో హాలండులోని ఆర్నెము నగరమున, 1950లో బెల్జియమునందలి ఆంట్‌వెర్పు నగరమునను ఇదే త్రోవను త్రొక్కిరి. ఆంట్‌వెర్పులోని మిడిల్‌హైము తోట శాశ్వతమైన శిల్పవనముగా మాఱినది.

అవి ధనికదేశముల ముచ్చటలని కొంద ఱనవచ్చును. శాంతినికేతనము ధనికదేశము కాదు. అక్కడ రామకింకర్ బైజు 1935లో ‘సుజాత’ను, 1938లో ‘సంతాలు కుటుంబము’ను నిర్మించెను. కంచుపోతకు డబ్బు లేదు, చలువరాయి లేదు. సిమెంటును, ఆ నేలలోనే దొరకు ఎఱ్ఱని కంకరను కలిపి, ఆరుబయటనే, నిలువవలసిన చోటనే ఆయన మూర్తులను లేపినాడు. తండ్రి భుజముపై కావడి, కావడి బుట్టలో బిడ్డ, ప్రక్కన తల్లి, వెంట కుక్క. పని కొఱకు ఊరు విడిచి పోవుచున్న కుటుంబము. దిమ్మె యెత్తుగా లేదు. వారు మనము నడచు నేలమీదనే నడచుచున్నట్లుందురు. ‘సుజాత’ సన్నగా, నిటారుగా, చెట్ల నడుమ మఱియొక చెట్టువలె నిలుచును. లేమివలన కంకర వచ్చినది. కంకరవలన గరుకుదనము వచ్చినది. ఆ గరుకుదనమువలననే ఆ మూర్తులు ఆ మట్టికి చుట్టములైనవి. మెఱుగునకు 25 మార్కులు గల పట్టికతో ‘సంతాలు కుటుంబము’ను తూచినచో దానికెన్ని వచ్చును? పట్టికయే తప్పని యొప్పుకొనవలసివచ్చును.

మఱి జనుల తీర్పు? జనులకు నచ్చినదే మంచిదని నిర్వాహకులలో నొకరు మాతో వాదించిరి. నర్తకి ముందున్న గుంపును చూపిరి. గుంపును మేమును గౌరవింతుము. కాని గుంపు ఒకనాడు చెప్పినది మఱునాడు చెప్పదు. కేరళమున పాలక్కాడు దగ్గఱ మలంపుళ ఆనకట్ట తోటలో, 1969లో, కానాయి కుంజిరామన్ నిర్మించిన యక్షిని చూడుడు. సుమారు ముప్పదియడుగుల కాంక్రీటు స్త్రీమూర్తి, వస్త్రము లేదు, కాళ్లు చాపి, చేతులు పైకెత్తి, జుట్టులోనికి వ్రేళ్లు పోనిచ్చి, కన్నులు మూసి ఆకాశమునకు మొగమెత్తి కూర్చుండును. వెనుక పడమటికనుమలు. ఆ కొండల తీరును చూచినవానికి ఆమె కొండనుండియే దిగివచ్చి కూర్చున్నట్లు తోచును. ఆనాడు ఎందఱో మండిపడిరి. సర్కారు తోటలో దిగంబరస్త్రీ యేమని నిందించిరి. నాడే జనుల చీట్లు తీసి తీర్పు చెప్పియుండినచో యక్షి యుండెడిది కాదు. నేడు మలంపుళకు పోవువా రానకట్టతో సమానముగా యక్షినిగూడ చూడబోవుదురు; కుటుంబములతో పోవుదురు. ఆమె మాఱలేదు. చూచువారి కన్నులు మాఱినవి. అందుకు పెక్కేండ్లు పట్టినది.

చండీగఢములోని రాతితోట కథ లోకవిదితమే గావున విస్తరింపము. రోడ్ల శాఖలో చిన్న ఉద్యోగియైన నేక్ చంద్, 1957 మొదలు ఏండ్ల తరబడి, ఎవ్వరికిని చెప్పక, పగిలిన గాజులతో పింగాణిపెంకులతో అడవిలో నొక ప్రపంచమును కట్టుకొనెను. చట్టప్రకారము దానిని కూలద్రోయవలసినది. కూల్పక 1976లో ప్రజలకు తెఱచిరి. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఏ పోటీకిని ఆయన దరఖాస్తు పెట్టలేదు. పెట్టియుండినచో కళాశాల గడి ఖాళీగనే యుండెడిది.

నాయకుని విగ్రహమునుగూర్చి ఒకమాట చెప్పెదమంటిమి. వ్యక్తుల ప్రతిమలకు మేము విరోధులము కాము. 1986లో హైదరాబాదు టాంకుబండుపై 30కి పైగా తెలుగు ప్రముఖుల విగ్రహములను వరుసగా నిలిపిరి. కవులను, గాయకులను, వాగ్గేయకారులను వీధిలో చూచి పిల్లలు పేర్లడుగుట మంచిదే. ఐనను ప్రతిమను చూచువాడు మొదట నడుగునది ‘ఎవరు?’ అని. రెండవది ‘ఎవరివాడు?’ అని. 2011 మార్చి 10న రాష్ట్రోద్యమపు టుద్రేకములో ఆ విగ్రహములలో కొన్ని విఱిగినవి. తరువాత మరల నిలిపిరి. తోటలోని గేదెను చూచి ‘ఎవరిది?’ అని ఎవ్వరును అడుగరు. శిల్పమును శిల్పముగా చూచుట మన జనులకు నేర్పవలె నన్నచో, పేరులేని రూపములతోనే మొదలుపెట్టవలెను. ప్రతిమలకు వేఱు పోటీ పెట్టుకొనవచ్చును. ఈ పోటీలో కలుపరాదు.

ఇదంతయు తలపోసి మేము నిర్వాహకులకొక జాబు వ్రాసితిమి. అందలి ముఖ్యాంశములను చదువరులకును మనవి చేయుచున్నాము. శిల్పములను జ్యేష్ఠమున, తొలకరికి ముందే నిలుపవలెను. తీర్పు మార్గశీర్షమున చెప్పవలెను. నడుమ రెండు ఋతువులు తమ పరీక్షను తాము చేసికొనును. రంగు నిలిచినదో వెలిసినదో, నీరు నిలిచి పగిలినదో జారిపోయినదో, గడ్డి దానిని కప్పినదో కలుపుకొన్నదో అప్పటికి తేలిపోవును. తీర్పరులు ఒకమారు మధ్యాహ్నమున, ఒకమారు సంజవేళ రావలెను. ప్రతి శిల్పమునకును వెనుకనుండియు చూడవలెను. మార్కులే కావలె నన్నచో సగము తావునకే యుండవలెను. తావును శిల్పియే ఎన్నుకొనవలెను. అందుకొఱకు పోటీకి ముందొక దినము తోటనంతయు వారికి తెఱచి చూపవలెను. దరఖాస్తు తెలుగున నుండవలెను; కళాశాల గడిని కొట్టివేయవలెను. ‘చేతిపనులు’ అను తరగతియే వలదు.

దీనికి మా మిత్రుడొకడు గట్టి యాక్షేపణ చేసెను: “ఆఱునెలలు వేచియుండుటకు శిల్పి తినునదేమి?” నిజమే. తోటమట్టుకు వానను త్రాగి బ్రతుకును, శిల్పి బ్రతుకడు. కాన బహుమతుల సొమ్ములో సగమును ఎన్నికైన ప్రతి శిల్పికిని రాతి వెల, కూలి, లారీబాడుగల క్రింద ముందుగనే పంచియిచ్చి, తక్కిన సగమునే బహుమతిగా నుంచవలె నని జాబులో చేర్చితిమి. ప్రథమబహుమతి చిన్నదగును, పత్రికలలో దాని మొత్తమును పెద్దయక్షరములతో వేయుట కుదురదు. ఆ నష్టమును నిర్వాహకులు భరింపగలరనియే మా నమ్మకము. పిల్లలు శిల్పములనెక్కుటను నిషేధింపవలదని కూడ వ్రాసితిమి. పిల్లవాని బరువునకు విఱుగు శిల్పము తోటలో నుండదగదు. జాబు చేరినదని బదులు వచ్చినది. తక్కిన సంగతులు కార్యవర్గము ముందు పెట్టెదమనిరి.

శ్రావణమున మఱియొక పనిమీద ఆ ప్రాంతమునకు పోయి, తోటకును వెళ్లితిమి. ద్వారముకడ దిమ్మె యొక్కటియే మిగిలినది. నర్తకిని ఒక పెద్దహోటలువారు కొని తీసికొనిపోయిరట. అక్కడ గోడయు, నీడయు, దీపములును ఉండును గావున ఆమెకు తగిన చోటే దొరకినది. నెమలి కనబడలేదు. కుండలలో రెండు పగిలినవి. తక్కినవానిలో తోటవారు తులసినారు పోసిరి. గేదె మాత్రము తొట్టి ప్రక్కనే యున్నది. లారీబాడుగ భరింపలేక శిల్పి దానిని విడిచిపోయెనట. తోటయజమాని ఆయనకు కొంత సొమ్ము పంపెనని పనివాడు చెప్పెను, ఎంతో చెప్పలేదు. వానలకు దాని మూపున సన్నని పాకుడు పట్టినది. పనివాడు తన తుండుగుడ్డను దాని కొమ్మునకు తగిలించి, నీటిగొట్టమును ఒక మడినుండి మఱియొక మడికి మార్చుకొనుచుండెను.